ఒక పుస్తకం తక్కువైన కోటి

మొయినాబాద్,
ఆదివారం.

అమ్మకు,

ఒక పేరును వేలసార్లు రాస్తే, ఆ పేరు గలవాళ్ళకు తెలుస్తుందా? ఈ మాట నిన్ను నా తొమ్మిదో ఏట అడిగాను. నువ్వు చాప మీద కూర్చుని రామకోటి రాసుకుంటున్నావు. రాసేటప్పుడు మాట్లాడకూడదు కాబట్టి ఎడమచేతి వేలు పెదవుల మీద పెట్టి చూపించావు. పేజీ అయ్యాక చెబుతావనుకున్నాను. పేజీ అయ్యాక నువ్వు పొయ్యి మీది పప్పు చూడడానికి లేచావు, నేను బడికి వెళ్ళిపోయాను. ఇప్పుడు నాకు నలభై ఐదు. ఆ ప్రశ్న ఎక్కడా దిగకుండా నాతోనే తిరుగుతూ వచ్చింది.

నమస్కారం ముందు రాయాల్సింది, ప్రశ్న ముందు వచ్చింది. నీ పాదాలకు నమస్కారం. ఇక్కడ మేం ముగ్గురం ఆరోగ్యంగానే ఉన్నాం. నాగపూర్‌లో నువ్వూ తమ్ముడూ మరదలూ అట్లాగే ఉన్నారని నీ అక్షరం చూసి అనుకున్నాను. ఈసారి వణుకు తక్కువగా ఉంది.

నీ ఉత్తరం గురువారం అందింది. చెవి మిషన్ మళ్ళీ కీచుమంటోందని, తీసి డబ్బాలో పెట్టేశానని రాశావు. పోనీలే. నీ చెవుల వల్లనే కదా మనిద్దరం మళ్ళీ ఉత్తరాలకు వచ్చాం. ఫోన్‌లో నీకు వినబడేలా అరిచి చెబితే పక్క ఫ్లాటు వాళ్ళకు కూడా వినబడుతుంది. వాళ్ళు వినకూడనివి చెప్పడానికి నాకు కాగితమే దిక్కు.

తన్వి చిక్కిపోయిందని ఫోటో చూసి ఫికర్ పడ్డావు. చిక్కలేదమ్మా. జుట్టు భుజాల దాకా కత్తిరించుకుంది, అందుకే మొహం సన్నగా కనబడుతోంది. "అమ్మమ్మకు చెప్పకు, తిడ్తది" అంది. చెప్పానని దానికి చెప్పకు. ఇంటర్ రెండో సంవత్సరం కదా, పొద్దున ఆరున్నరకే కాలేజీ బస్సు ఎక్కుతోంది. తిండి మాత్రం బాగానే తింటోంది.

మీ అల్లుడి మోకాలి గురించి అడిగావు. చేవెళ్ళ దుకాణంలో పొద్దస్తమానం నిలబడే మనిషికి నొప్పి ఎట్లా తగ్గుతుంది? స్టూలు మీద కూర్చోమంటే, "కూసుంటే గిరాకీకి కనబడనే కనబడ" అంటారు. ఎంకపల్లి దగ్గర కొత్త ఇళ్ళు లేస్తున్నాయి కదా, గృహప్రవేశం అంటే చాలు, ఆ ఊరివాళ్ళు చేవెళ్ళకే ఫోన్ చేసి పూజ సామాను చెబుతున్నారు. ఇంటికి వచ్చేటప్పుడు ఆయనే బండి మీద తెచ్చి వాళ్ళకు ఇచ్చి వస్తారు. రోడ్డు పనుల దుమ్మంతా ఆయన చొక్కా మీదే.

నా ఉత్తరాలు రాను రాను ఎందుకు చిన్నగా అవుతున్నాయని అడిగావు. దానికి జవాబు ఈ ఉత్తరం మొత్తం.

నీ ఉత్తరంలో రెండో పేజీ నేను ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. "బాపమ్మ మొదలువెట్టిన కోటి మొన్న ఏకాదశి నాడు నా చేతుల నిండింది. నాలుగుసార్లు లెక్క చూసిన. వచ్చే నెల పదకొండు తారీఖు నాడు మన అపార్ట్‌మెంట్ హాల్ల పూజ వెట్టుకున్నం. రాసినోళ్ళ పేర్లు పంతులు గోత్రంతోని చదువుతడు, బాపమ్మది, నాది, నీది. నువ్వు నా పక్కకు పీట మీద కూసోవాలె." ఇట్లా రాశావు. పూజ నాడు నన్ను కట్టుకోమని పట్టుచీర కూడా తీసి పెట్టానన్నావు.

అమ్మా, అప్పటి నుంచి నా కాలు ఒకచోట నిలవడం లేదు. ఈ ఉత్తరం శుక్రవారం లైబ్రరీలో మొదలుపెట్టి చింపేశాను. నిన్న సెలవు పెట్టి చేవెళ్ళకు వెళ్ళి దుకాణంలో బియ్యం బస్తాల వెనక కూర్చుని రాయబోయాను. "ఏం రాస్తున్నవ్, లిస్టా?" అని ఆయన అడగ్గానే మడిచేశాను. ఇవాళ తన్వి స్నేహితురాలి ఇంటికి వెళ్ళింది, ఆయన దుకాణానికి వెళ్ళారు. కింద రోడ్డు మీద చిల్కూరు ఆటోవాళ్ళు "గుడి, గుడి" అని అరుస్తున్నారు. కూర్చుంటున్నాను, లేస్తున్నాను, నీళ్ళు తాగుతున్నాను, మళ్ళీ కూర్చుంటున్నాను.

ఇక్కడి నుంచి నువ్వు ఒక్కదానివే చదువు. మరదలు పక్కన ఉంటే మడిచి పెట్టుకో, పూజగదిలో భూతద్దం పట్టుకుని తీరిగ్గా చదువు.

నాలుగేళ్ళ కిందట నీ కుడిచెయ్యి వణకడం మొదలైనప్పుడు, కోటి నీ తరంలోనైనా నిండదేమోనని నువ్వు ఏడ్చావు. "ఇంటి కోటి, ఇంటోళ్ళు ఎవ్వరు రాసినా ఒక్కటే" అని నాకు రెండు పుస్తకాలు అప్పగించావు. మీ అల్లుడి దుకాణం నుంచి నాగపూర్‌కు పంపే పుస్తకాల్లోవే ఆ రెండూ. మొదటిది శుభ్రంగా రాశాను. స్నానం చేసి, తూర్పుకు తిరిగి, గడికి ఒక శ్రీరామ. ఐదు నెలలు పట్టింది. అది నిజమైన పుస్తకం, దాని మీద ఏ అనుమానమూ పెట్టుకోకు.

రెండో పుస్తకంలో మొదటి ఆరు పేజీలే రాముడివి. మిగతావన్నీ ఇంకొకరి పేరు.

రాసేశాను. ఇప్పుడు లేచి వంటగదిలోకి వెళ్ళి వచ్చాను.

ఆ పేరు ఈ ఉత్తరంలో రాయను. రాయాల్సిన దానికంటే చాలా ఎక్కువసార్లు రాశాను. అతను భీమవరం వైపు మనిషి, చాలాకాలంగా ఇక్కడే ఉంటున్న కుటుంబం. దొంతన్‌పల్లిలో మా యూనివర్సిటీ లైబ్రరీకి కంప్యూటర్ కేటలాగు పెట్టడానికి ఒక కంపెనీ తరఫున వచ్చాడు. మంగళవారం, శుక్రవారం, వారానికి రెండు రోజులు, తొమ్మిది నెలలు. నేను ఇరవై ఏళ్ళుగా చేత్తో రాసిన కార్డులు, ఒక్కో పుస్తకానికి ఒక్కో కార్డు, సొరుగుల్లో ఉండేవి. వాటిని చూసి కంప్యూటర్‌లోకి ఎక్కించడం అతని పని, చదివి చెప్పడం నా పని. మొదటి వారంలోనే ఒక కార్డు పైకెత్తి చూసి, "ఇంత గుండ్రంగా ఎవరు రాస్తున్నారండీ ఈ రోజుల్లో" అన్నాడు.

అంతే అమ్మా. అక్కడే మొదలైంది. నవ్వొస్తోందా? నాకూ వస్తుంది, కొన్ని రోజుల్లో. ఇరవై ఏళ్ళు రాసిన అక్షరాన్ని చూసి ఒకరు ఒక మాట అన్నారు, అది కూడా ఆ అక్షరంతో ఇక పని లేకుండా చేస్తున్న రోజున అన్నారు.

అతనికి పెళ్ళయింది. ఇద్దరు పిల్లలు. దాచలేదు, ఫోటోలు చూపించాడు. నాతో మర్యాదగా తప్ప మాట్లాడింది లేదు. ఏమీ జరగలేదమ్మా. ఏదైనా జరిగి ఉంటే నీకు చెప్పడం సులువయ్యేదేమో, తిట్టడానికి నీకొక పని ఉండేది. జరిగిందంతా నా లోపలే. మంగళవారం కోసం శనివారం నుంచే బతికేదాన్ని. అతని బండి శబ్దం గేటు దగ్గర పోల్చుకునేదాన్ని. అతని కాఫీ కప్పు కడగనివ్వకుండా సాయంత్రం దాకా టేబుల్ మీదే ఉంచేదాన్ని. "మా అమ్మగారు శనివారం శనివారం చిల్కూరు తీసుకెళ్ళమంటారండీ" అని ఒకసారి మాటల్లో అన్నాడు. ఆ తర్వాత నాలుగు శనివారాలు, లైబ్రరీకి సెలవు పెట్టి మరీ, ఆటో ఎక్కి చిల్కూరు వెళ్ళాను. పదకొండు ప్రదక్షిణలు చేశాను. నా ముందు నడిచే ప్రతి మగమనిషి వీపూ చూశాను. దేవుణ్ణి చూడకుండానే ఇంటికి వచ్చాను. ప్రసాదం తెచ్చి మీ అల్లుడి చేతిలో పెడితే, కళ్ళకు అద్దుకుని తిన్నారు.

నీ రెండో పుస్తకం అప్పుడే మొదలుపెట్టాను. పని రోజుల్లో ఇంట్లో కుదరక లైబ్రరీలో మధ్యాహ్నం అన్నం వేళ రాసేదాన్ని. ఏడో పేజీలో, ఒక గడిలో, చెయ్యి తనంతట తాను అతని పేరు రాసింది. చూసుకుని బిత్తరపోయాను. రామకోటిలో కొట్టివేత ఉండకూడదని నువ్వే నేర్పావు. తప్పు రాసినా గీత గీయొద్దు, పక్క గడిలో సరిగ్గా రాయి అనేదానివి. పక్క గడిలో సరిగ్గానే రాద్దామనుకున్నాను. రాయలేదు. అదే పేరు మళ్ళీ రాశాను. అట్లా పేజీ నిండింది. ఆ రోజు ఎన్నడూ లేనంత కుదురుగా బస్సు ఎక్కాను. ఇంకెవ్వరికీ కనబడని చోటు ఒకటి దొరికిందనిపించింది. రామకోటి పుస్తకాన్ని తెరిచి చదివేవాళ్ళు ఎవరుంటారు? కళ్ళకు అద్దుకునేవాళ్ళే తప్ప.

నన్ను అందరూ ఎట్లా చూసేవాళ్ళో చెబితే నువ్వు నమ్మవు. మా లైబ్రరీ ఊడ్చే రాములమ్మ నేను రాస్తుంటే చీపురు పక్కన పెట్టేది. ఒకరోజు వచ్చి టేబుల్‌కు అవతల నిలబడింది.

"అమ్మా, నా బిడ్డ కాన్పుకు దవాఖానల ఉన్నది. దాని పేరు మీద ఒక్కటి రాయిండ్రి."

"నువ్వే రాయరాదా రాములమ్మా?"

"నాకు రాస్తొస్తే మిమ్ముల ఎందుకు అడుగుత? అక్షరం మంచిగున్నోళ్ళు రాస్తే దేవునికి జల్ది అర్థమైతది."

ఆ మాటకు నవ్వబోయి ఆగిపోయాను. పుస్తకం కొంగు చాటు చేసుకుని, అతని పేర్ల మధ్య ఒక గడిలో శ్రీరామ అని రాశాను. ఆ ఆరు పేజీల తర్వాత ఆ పుస్తకంలో ఉన్న ఒకే ఒక్క నిజమైన గడి అది. మర్నాడు రాములమ్మ పేడాలు తెచ్చింది, మనవడు పుట్టాడని. "మీ చెయ్యి మంచిదమ్మా" అని నా చెయ్యి పట్టుకుంది. ఆ చేతిని ఏం చేసుకోవాలో నాకు తెలియలేదు.

ఇంట్లోనూ అంతకంటే నయం కాదు. ఆదివారాలు పుస్తకం ఇంటికి తెచ్చి రాసేదాన్ని. నేను రాయడానికి కూర్చుంటే మీ అల్లుడు టీవీ శబ్దం తగ్గించేవారు. ఆ పక్కకు వెళ్ళేటప్పుడు చెప్పులు విడిచి నడిచేవారు. ఒకసారి దుకాణానికి వెళ్తే, గిరాకీకి వచ్చిన విమలమ్మతో చెబుతున్నారు, "మా ఇంట్ల రాముని పని నడుస్తున్నది, గందుకే మా ఆమెకు చేతుల నొప్పి" అని. విమలమ్మ నాకు దండం పెట్టింది. అమ్మా, నువ్వు రాస్తున్నప్పుడు నీ మొహం ఎట్లా ఉండేదో నాకు తెలుసు, చెరువులో నీళ్ళు కదలనట్టు ఉండేది. అప్పుడు నా మొహం ఎట్లా ఉండేదో నాకు తెలియదు. చూసింది ఆయనొక్కరే.

తొమ్మిది నెలలకు పని అయిపోయింది. అతనికి బెంగుళూరు బదిలీ. వెళ్ళే రోజు అందరికీ స్వీట్లు పంచి, నా దగ్గరకు వచ్చి, "మీరు లేకపోతే ఈ పని సగంలో వదిలేసేవాణ్ణండీ" అని చెప్పి వెళ్ళాడు. ఆ తర్వాత ఫోన్ లేదు, మెసేజ్ లేదు. ఎందుకు ఉంటుంది? నేను మాత్రం ఇంకా ఎక్కువ రాశాను. రోజుకు రెండు పేజీలు రాసేదాన్ని, నాలుగు చేశాను. రాస్తున్న కొద్దీ తగ్గుతుందనుకున్నాను. రాస్తున్న కొద్దీ పెరిగింది. పేరు ఒక్కటే రాస్తే దానికి ఏ అడ్డూ ఉండదమ్మా. ఎటు కావాలంటే అటు పెరుగుతుంది. ఆ పేరు పక్కన నేను అతన్ని కాకుండా ఇంకెవరినో కూర్చోబెట్టుకుని మాట్లాడుకుంటున్నానని అప్పుడు తెలియలేదు. పుస్తకం చివరి గడి నిండిన రోజు, ఇక రాయడానికి గడి లేదని ఏడ్చాను. అంతకంటే సిగ్గుపడాల్సింది నా దగ్గర ఇంకేమీ లేదు.

నువ్వు అడుగుతావు, మరి ఎట్లా బయటపడ్డావు అని. పూర్తిగా బయటపడ్డానని రాయను. కానీ నిలబడ్డాను. అది కూడా రాయడం వల్లనే, వేరే రకంగా రాయడం వల్ల.

అతను వెళ్ళేముందు, "ఈ కార్డులు ఇంక అవసరం ఉండవండీ, స్టోర్ రూములో పడేయించొచ్చు" అని చెప్పాడు. వాటిల్లో రాయని కార్డులు నాలుగు కట్టలు మిగిలాయి. వాటిని పాత కాగితాల వాడికి వేయడానికి మనసొప్పక నా సొరుగులో పెట్టుకున్నాను. ఒకరోజు లైబ్రరీలో పని లేక కూర్చున్నాను. మాకు కొత్త పుస్తకం వస్తే ఒక పద్ధతి ఉంటుందమ్మా. పుస్తకం గొప్పదా, చెత్తదా అని మేం రాయం. పేరేమిటి, ఎవరు రాశారు, ఎన్ని పేజీలు, లోపల ఏముంది, అంతే. ఉన్నది రాయాలి, లేనిది రాయకూడదు. ఇరవై ఏళ్ళు అదే చేశాను. ఈ మనిషికి ఒక్కసారైనా ఆ పద్ధతిలో కార్డు రాశానా అనిపించింది.

రాయడం మొదలుపెట్టాను. ఒక్కో కార్డు మీద తేదీ, అతను నాతో అన్న మాట, అప్పుడు గదిలో ఇంకెవరున్నారు. అంతకుమించి ఒక్క ముక్క రాయలేదు. "పాస్‌వర్డ్ పనిచేయట్లేదండీ." "టీలో అల్లం బాగుందండీ." "ఈ పుస్తకం రెండుసార్లు ఎక్కిందండీ, ఒకటి తీసేయనా?" కార్డు వెనకవైపు, ఆ మాటను నేను ఏమని విన్నానో రాశాను. అల్లం మాట వెనక పదకొండు వరుసలు వచ్చాయి. కార్డు చాలక అంచుల వెంట తిప్పి రాశాను.

తొమ్మిది నెలలకు మొత్తం ఎన్ని కార్డులు వచ్చాయో తెలుసా? ముప్పై నాలుగు. ఎంత గింజుకున్నా ముప్పై ఐదోది గుర్తు రాలేదు. వాటిని టేబుల్ మీద వరసగా పరిచి, ముందువైపు మాత్రమే చదివాను. చక్కగా పనిచేసుకుని వెళ్ళిపోయిన ఒక మనిషి కనిపించాడు. మంచివాడే. కాస్త మాటకారి. అతని మీద నాకు కోపం కూడా రాలేదు. అప్పుడు అన్నీ తిప్పి వెనకవైపు చదివాను. అవన్నీ నా గురించే. నా చదువు, నా వయసు, ఇరవై ఏళ్ళుగా ఎవరూ అడగని నా మాటలు. అతని పేరు అక్కడ దాదాపుగా లేనే లేదు.

అది చదివాక ఆ మంగళవారం మామూలుగా గడిచింది. ఆ తర్వాతది గడవలేదు. ఇంకో నెలకు వరసగా రెండు గడిచాయి. అంతే, అట్లా. ఒక్క కార్డు మాత్రం వెనక ఏమీ రాయకుండా వదిలేశాను, వెళ్ళే రోజు అన్న మాటది. దానికి ఏం రాసినా అబద్ధమే అనిపించింది. అది ఖాళీగా ఉన్నా నాకిప్పుడు నిద్ర పడుతుంది.

ఇక పుస్తకం సంగతి. దాన్ని చీరల కింద పెట్టాను. గండిపేట చెరువులో వదిలేద్దామని రెండుసార్లు సంచిలో వేసుకుని వెళ్ళాను. మొదటి ఆరు పేజీలు రాముడివి, మధ్యలో రాములమ్మ బిడ్డ కోసం రాసింది ఒకటి, వాటిని నీళ్ళపాలు చేయడానికి చెయ్యి రాలేదు. అట్లా ఇంటికి తెచ్చి పెట్టాను. నీకు ఇంకో పుస్తకం రాసి ఇద్దాం, ఇది ఎవరికీ తెలియకుండా ఉండిపోతుంది అనుకున్నాను.

రెండేళ్ళ కిందట, శ్రీరామనవమి ముందు తమ్ముడు ఉదయ్ కారులో వచ్చాడు గుర్తుందా, భద్రాచలం వెళ్తూ, ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ అక్కడ అప్పగిస్తానని? ఆ రోజు వాడు చెప్పకుండా వచ్చాడు. నేను లైబ్రరీలో ఉన్నాను. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కారు వెళ్ళిపోయింది. మీ అల్లుడు సోఫాలో కూర్చుని ఉన్నారు. వేళ్ళ నిండా పసుపు.

"నీ పుస్తకాలు రెండూ ఇచ్చిన" అన్నారు. "ఒకటి పూజగదిల ఉండె. ఇంకొకటి యాడ వెట్టినవో దేవులాడి దేవులాడి తీసిన. పసుపు కుంకుమ వెట్టి, కొత్త బట్టల కట్టి ఇచ్చిన."

తలుపు పట్టుకున్నాను. నువ్వు మాకు నేర్పిన పద్ధతే కదా అమ్మా, అప్పగించే పుస్తకానికి మొదటి పేజీలో, చివరి పేజీలో బొట్టు పెట్టాలి. మొదటి పేజీ రాముడిదే. చివరి పేజీ తెరిచారా, మొదటి దానికే పెట్టి ఊరుకున్నారా? నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. కాసేపటికి లేచి, నా చేతిలోని సంచి తీసుకుని, "ఇగ రాసింది చాలు సంతోషీ. చేతికి జర ఆరాం ఇయ్యి" అన్నారు. చెయ్యి నొప్పి గురించి అన్నట్టే అన్నారు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆ మాటను ఎన్ని రకాలుగా తిప్పి చూశానో. కార్డు రాయడం నేర్చుకున్నదాన్ని, అయినా ఈ మాటకు వెనకవైపు రాయకుండా ఉండలేకపోతున్నాను.

నీ కోటి లెక్కలో ఆ పుస్తకం ఉంది. అంటే కోటి ఇంకా నిండలేదమ్మా. నువ్వు నాలుగుసార్లు చూసిన లెక్క తప్పు కాదు, నేను నీకు ఇచ్చిన పుస్తకం తప్పు. రెండేళ్ళుగా ఈ మాట నా నోట్లో పెట్టుకునే నీకు చిన్న చిన్న ఉత్తరాలు రాస్తూ వచ్చాను. నువ్వు పూజ పెట్టుకోకపోయి ఉంటే ఇంకా రాయకపోయేదాన్నేమో. పంతులు బాపమ్మ పేరు తర్వాత నీ పేరు, నీ పేరు తర్వాత నా పేరు చదువుతుంటే, అంతమందిలో నీ పక్కన పట్టుచీర కట్టుకుని కూర్చోవడం నావల్ల కాదు. పూజ ఆపుతావో, తేదీ జరుపుతావో, ఏమీ ఎరగనట్టు కానిస్తావో, అది నీ ఇష్టం. నీ చేతులు అరిగిన పని అది. నువ్వు ఏం చేసినా, నేను పీట మీద మాత్రం కూర్చోను. అందరితో పాటు కింద చాప మీద కూర్చుంటాను. ఆ మాత్రం నిర్ణయించుకున్నాను.

గురువారం నీ ఉత్తరం అన్నాల వేళ ఆయనకు చదివి వినిపించాను, పూజ సంగతి దాకా. "మంచిగైంది, పెద్దామె కష్టం తీరింది" అన్నారు. శుక్రవారం సాయంత్రం చేవెళ్ళ నుంచి వస్తూ న్యూస్‌పేపర్‌లో చుట్టిన పొట్లం ఒకటి తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టారు. విప్పితే కొత్త రామకోటి పుస్తకం.

"ఇదెందుకు?" అని అడిగాను.

"ఉండనీ. ఒకటి తక్కువ పడితే అప్పటికప్పుడు యాడ దొరుకుతది?"

"అమ్మ నాలుగుసార్లు లెక్క చూసిందట కదా."

"చూసింది. అయినా ఉండనీ" అని, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు.

అమ్మా, ఆయన దుకాణం మనిషి. ఎవరు పూజ లిస్టు ఇచ్చినా కొబ్బరికాయ ఒకటి ఎక్కువ వేసి కట్టడం ఆయన అలవాటు. ఇదీ అట్లాంటిదే కావచ్చు. కాకపోతే, రెండేళ్ళ కిందట చివరి పేజీ చూసిన మనిషి, ఇన్నాళ్ళూ ఒక్క మాట అనకుండా, నాకు ఇప్పుడు దారి ఒకటి ఫ్రిజ్ మీద పెట్టి ఉండవచ్చు. మూడు రోజులుగా ఆయన మొహంలో వెతుకుతున్నాను. ఎప్పటిలాగే మోకాలికి నూనె రాసుకుంటూ వార్తలు చూస్తున్నారు.

నిన్న పొద్దున స్నానం చేసి ఆ పుస్తకం తెరిచాను. తెల్లటి గళ్ళు. పెన్ను మూత తీసి మొదటి గడి మీద పెట్టి, తీసేశాను. మళ్ళీ అట్లా గళ్ళు నింపడం మొదలుపెడితే చెయ్యి ఏ పేరు రాస్తుందోనని భయమేసింది. ఆ భయం నిజమో, తప్పించుకోవడానికి చెప్పుకుంటున్నదో కూడా తెలియడం లేదు. నేను కాకుండా ఆ పుస్తకం ఇంకెవరు రాసినా నీ కోటి నిండుతుంది, నా వాటా మాత్రం నిండదు.

నీకు చెప్పగలిగాను. ఆయనను అడగాలో, అడగకుండా ఉండాలో తెలియడం లేదు. ఆయనకు తెలుసనుకుని రాయాలో, తెలియదనుకుని రాయాలో, అసలు రాయగలనో లేదో, ఈ ఆదివారం మధ్యాహ్నం దాకా నాకు ఏదీ తేలలేదమ్మా.

ఇట్లు,
నీ జవాబు ఏదైనా సరే, చదవడానికి కాచుకుని ఉన్న నీ బిడ్డ,
సంతోషి.